పిల్లలకి బుల్లీయింగ్, కైండ్‌నెస్ గురించిన ఇంగ్లీషు మాటలు ఎలా నేర్పుతున్నారు?

నాగావళి_అమ్మ (రాయగడ)

అందరికీ నమస్కారం. మా బాబు నాలుగో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఇంట్లో తెలుగు, బజారుకెళ్తే ఒడియా, బళ్ళో ఇంగ్లీషు. క్లాస్ టీచర్ కటక్ వైపు ఆవిడ. మంచి మనిషే, తెలుగు మాత్రం రాదు. కొన్నాళ్ళుగా ఇద్దరు ముగ్గురు పిల్లలు వీడి టిఫిన్ బాక్సు దాచేస్తున్నారు, "తెలెంగా, తెలెంగా" (ఒడియాలో తెలుగువాళ్ళని అలా అంటారు) అని వెంటపడుతున్నారు, ఆటలో కలుపుకోవడం లేదు. వీడు వెళ్ళి "మిస్, దే ఆర్ స్కోల్డింగ్ మీ" అన్నాడట. ఆవిడ "ఏ టీచర్?" అని అడిగారు. వీడు తడబడేసరికి వెళ్ళి కూర్చోమన్నారు. అంతే, ఆ విషయం అక్కడితో అయిపోయింది.

నేను పార్వతీపురంలో తెలుగు మీడియంలో చదువుకున్నాను. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, పిల్లాడి నోట్లో ఆడేలా నేర్పడం ఎలాగో తెలియడం లేదు. నెట్‌లో ఉన్న జాబితాల్లో పెద్ద పెద్ద మాటలున్నాయి. అవన్నీ బట్టీ పట్టిస్తే వాడికి ఇంకో పరీక్షలా ఉంటుంది. తొమ్మిదేళ్ళ పిల్లాడికి నిజంగా పనికొచ్చే మాటలేవి? మీ ఊళ్ళలో ఎవరైనా నేర్పి ఉంటే చెప్పండి.


జయపురం_టీచరమ్మ (జయపురం, కొరాపుట్ జిల్లా)

అమ్మా, ముందు బాబుని ఒకందుకు మెచ్చుకోండి. వెళ్ళి చెప్పాడు. చాలామంది పిల్లలు ఆ ఒక్క అడుగే వెయ్యరు.

నేను ప్రైమరీకి ఇంగ్లీషు చెప్తాను. మన పిల్లలందరూ ఇక్కడే ఇరుక్కుంటారు. మనకి అమ్మ కోప్పడినా తిట్టడమే, పక్క బెంచీవాడు నోరు పారేసుకున్నా తిట్టడమే. ఇంగ్లీషులో "స్కోల్డ్" అంటే పెద్దవాళ్ళు మందలించడం. అందుకే ఆవిడ ఏ టీచరని అడిగారు. తోటి పిల్లాడు పేర్లు పెట్టి ఏడిపిస్తుంటే "హి ఈజ్ కాలింగ్ మీ నేమ్స్" అనాలి. మొట్టమొదట ఇది నేర్పండి.

తర్వాత కొట్టడం. మనవాళ్ళు "హి బీట్ మీ" అంటారు. "బీట్" అంటే చితకబాదడం. ఒక దెబ్బ వేస్తే "హిట్". తోస్తే "పుష్". గట్టిగా తోసేస్తే "షవ్". కాలు అడ్డం పెట్టి పడేస్తే "హి ట్రిప్డ్ మీ". చేతిలోది లాక్కుంటే "స్నాచ్డ్". దాచేస్తే "హిడ్". చిన్న మాటలే. పిల్లలు ఆటలో పెడితే ఒక్క సాయంత్రంలో పట్టేస్తారు.

ఆటలో రానివ్వకపోతే "దే వోంట్ లెట్ మీ ప్లే" అంటే చాలు. "దే ఆర్ లీవింగ్ మీ అవుట్" అన్నా అదే. "ఎక్స్‌క్లూడ్" అనే మాట పుస్తకాల్లో ఉంటుంది, ఏడుపు గొంతుతో ఉన్న పిల్లాడి నోటికి అది రాదు, పక్కన పెట్టండి. ఒక్కణ్ణే ఎంచుకుని ఎప్పుడూ వాడి మీదే పడుతుంటే "దే పిక్ ఆన్ మీ".

వీటన్నిటికంటే ముఖ్యమైనది "కీప్స్". "హి పుష్డ్ మీ" అంటే ఒకసారి తోశాడు. టీచర్ "సరేలే, సారీ చెప్పు" అని ముగించేస్తుంది. "హి కీప్స్ పుషింగ్ మీ" అంటే రోజూ తోస్తున్నాడు. అక్కడ ఆవిడ తల ఎత్తి చూస్తుంది. "హి కీప్స్ హైడింగ్ మై టిఫిన్ బాక్స్." ఈ వాక్యం మీ బాబుకి రేపే కావాలి. రాత్రి భోజనం దగ్గర ఊరికే రెండుసార్లు అనిపించండి, పలకా పుస్తకం ఏమీ వద్దు.


బొగ్గుబండి (బల్లార్షా)

మా దిక్కు ఇదే కథ అక్కా. ఇక్కడ మరాఠీ పిల్లలు మనవాళ్ళ మాటను "యండుగుండు, యండుగుండు" అని వెక్కిరిస్తారు. కాగితం మిల్లుకి, బొగ్గు గనులకి, రైల్వేకి పనికొచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి, అయినా ఆ మాట పోలేదు. మా పాప "మిస్, హి ఈజ్ మాకింగ్ ఆన్ మీ" అంటుంది. ఇది సరైనదేనా?


జయపురం_టీచరమ్మ

"ఆన్" తీసేయించండి అన్నా. "హి ఈజ్ మాకింగ్ మీ". ఇంకా తేలిగ్గా "హి మేక్స్ ఫన్ ఆఫ్ ద వే ఐ టాక్". నేను మాట్లాడే తీరును వెక్కిరిస్తున్నాడని సూటిగా తెలుస్తుంది. పాప మాట్లాడే తీరులో లోపం లేదని కూడా అదే రోజు చెప్పండి, తెలుగులోనే చెప్పండి.

"టీజ్" గురించి ఒక మాట. స్నేహితులు సరదాగా ఆటపట్టించినా "టీజ్" అంటారు, బాధపడేలా ఏడిపించినా "టీజ్" అనే అంటారు. అందుకని బాధ కలిగినప్పుడు ఆ మాట ఒక్కటే చెప్పి ఊరుకుంటే చాలదు. "హి టీజెస్ మీ అండ్ ఐ డోంట్ లైక్ ఇట్" అని రెండో ముక్క కలపాలి.


మహేంద్రతనయ (పర్లాకిమిడి)

నేను రిటైరైన ఇంగ్లీషు మాస్టారిని. టీచరమ్మ గారు చెప్పిన "కీప్స్" దగ్గర ఇంకొంచెం ఆగాలి. బుల్లీయింగ్ అంటే ఏమిటో దాదాపు అందులోనే ఉంది.

ఈ విషయం మీద మొదట పద్ధతిగా పరిశోధన చేసినవాడు డాన్ ఓల్వేయస్. స్వీడన్‌లో పుట్టి నార్వేలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త. 1970లలో మొదలుపెట్టాడు. ఆయన మూడు గుర్తులు చెప్పాడు. కావాలని చెయ్యాలి, మళ్ళీ మళ్ళీ చెయ్యాలి, చేసేవాడి బలం పడేవాడి బలం కంటే ఎక్కువ ఉండాలి. బలం అంటే కండలే కానక్కర్లేదు. పది మంది ఒకవైపు, ఒక్కడు ఒకవైపు ఉంటే అదీ బలమే. క్లాసులో అందరి భాష ఒకటి, వీడి భాష వేరు అయితే అదీ బలమే. మన సరిహద్దు ఊళ్ళలో జరిగేది చాలావరకు ఇదే.

కావాలని చేశాడనడానికి "ఆన్ పర్పస్". పొరపాటున జరిగిందనడానికి "బై యాక్సిడెంట్". ఈ రెండూ నేర్పితే పిల్లాడు తన సంగతి తనే తూచుకోగలడు. "హి డిడ్ ఇట్ ఆన్ పర్పస్" అనే ముందు నిజంగా అంతేనా అని వాడి మనసు ఒకసారి అడుగుతుంది. నా అనుభవంలో ఆ ఒక్క క్షణం వల్ల సగం తగువులు టీచర్ దాకా రాలేదు, వచ్చినవి మాత్రం నిజంగా వినాల్సినవి.

మూడు మెట్లు గుర్తుంచుకోమనండి. ఆలోచించకుండా ఒకసారి మొరటుగా అనేస్తే "రూడ్". బాధపెట్టాలనే ఒకసారి అంటే "మీన్". అదే పని పెట్టుకుని వెంటపడితే "బుల్లీయింగ్". "మీన్" అంటే అర్థం అని కూడా పిల్లలకి తెలుసు కాబట్టి తికమకపడతారు. "వాట్ డు యు మీన్" వేరు, "డోంట్ బి మీన్" వేరు. రెండూ పక్కపక్కన పెట్టి చెప్పండి.


నాగావళి_అమ్మ

మాస్టారూ, టీచరమ్మ గారూ, చాలా థ్యాంక్స్ అండీ. "కీప్స్ హైడింగ్" రాత్రి నేర్పాను, సులువుగానే పట్టాడు. ఇప్పుడు వాడి భయం వేరు. "మళ్ళీ చెప్తే నన్ను కంప్లైంట్ బాక్స్ అంటారమ్మా" అంటున్నాడు. నిజంగానే ఆ పేరు పెడతారు. దీనికేం చెప్పాలి?


ప్రాణహిత (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

అక్కా, నేనూ బడిలో పనిచేస్తాను. ఇంగ్లీషులో దీనికి రెండు వేరు వేరు మాటలున్నాయి. ఊరికే ఎదుటివాడికి తిట్లు పడాలని పోయి చెప్తే "టాట్లింగ్", లేదంటే "టెల్లింగ్ ఆన్ సమ్‌వన్". ఎవరికైనా దెబ్బ తగులుతుంది, ఎవరో ఏడుస్తున్నారు, ఆపాలి అని పోయి చెప్తే "రిపోర్టింగ్", పిల్లలకైతే "ఆస్కింగ్ ఫర్ హెల్ప్". మా క్లాసులో నేను అడిగేది ఒక్కటే. చెప్పడం వల్ల ఎవరికైనా కష్టం తీరుతుందా, ఎవరినైనా కష్టంలో పెట్టాలనా? రెండోదైతే కూర్చో, మొదటిదైతే చెప్పు.

బాబుతో "మిస్, ఐ నీడ్ యువర్ హెల్ప్" అని మొదలుపెట్టమనండి. "మిస్, కంప్లైంట్" అని మొదలుపెడితే ఏ టీచరుకైనా విసుగొస్తుంది, రోజుకి నలభై వస్తాయి. హెల్ప్ అన్న మాటతో మొదలైతే వింటారు. అందరి ముందు కాకుండా లంచ్ బెల్ అయ్యాక టేబుల్ దగ్గరికి పోయి చెప్పమనండి.


మిర్చి_యార్డు (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా)

అందరూ మంచిగా చెప్తున్నారు గానీ నాకొక సందేహం. మా ధర్మాబాద్‌లో ఇటు తెలుగు, అటు మరాఠీ, మధ్యలో హిందీ. పిల్లలు కొట్లాడుకునేది మరాఠీలో, హిందీలో. మైదానంలో ఒకడు చెయ్యి మీదికి వస్తే వీడు "స్టాప్ ఇట్, ఐ డోంట్ లైక్ ఇట్" అంటే ఇంకా ఎక్కువ ఏడిపిస్తారు. ముందు ఊరి భాష రావాలి, గట్టిగా నిలబడి తిరిగి కొట్టడం రావాలి. మా నాన్న మాకు నేర్పింది అదే. ఇంగ్లీషు మాటలతో ఏం ఒరుగుతుంది?


ప్రాణహిత

అన్నా, మీ మాటలో సగం నేను పూర్తిగా ఒప్పుకుంటాను. మైదానంలో "మలా చిడవూ నకోస్" అని మరాఠీలో సూటిగా అన్న పిల్లగాడికి ఉండే ధైర్యం వేరే. ఊరి భాష నేర్వకుండా ఏళ్ళకేళ్ళు ఒక ఊళ్ళో ఉండడం పిల్లలకి మంచిది కాదు. మా సిరొంచలో బజారంతా తెలుగే, అయినా ఆఫీసుకి పోతే మరాఠీ కావాలి, పిల్లలు రెండూ మాట్లాడతారు.

మిగతా సగం ఒప్పుకోను. ఏడిపించే పిల్లగాడితో మాట్లాడే భాష ఒకటి, దాన్ని ఆపగలిగిన పెద్దమనిషితో మాట్లాడే భాష ఒకటి. ఇంగ్లీషు మీడియం బడిలో ఆ పెద్దమనిషి ఇంగ్లీషులో వింటుంది, ఇంగ్లీషులో రాసుకుంటుంది, ప్రిన్సిపాల్‌కి ఇంగ్లీషులో చెప్తుంది. పిల్లగాడు చెప్పిన మాట ఆ రిజిస్టరులో తప్పుగా పడితే వాడికి జరిగింది జరగనట్టే అవుతుంది. నాగావళి అక్క కొడుకుకి జరిగింది అదే కదా.

ఇక తిరిగి కొట్టమనడం. బలం ఎవరిదో తెలిసినప్పుడే ఆ సలహా పనిచేస్తుంది. మాస్టారు చెప్పిన మూడో గుర్తు మళ్ళీ చదవండి. ఒక్కడు పదిమంది మీదికి పోతే దెబ్బలు తినేది వాడే, ఆపైన తప్పు కూడా వాడి మీదే పడుతుంది.


మిర్చి_యార్డు

సరే చెల్లె, రిజిస్టరు మాట నేను ఆలోచించలేదు. అయితే ఒకటి చెప్పు. చుట్టూ నిలబడి చూసే పిల్లలుంటారు కదా, నవ్వుతూ. నాకు వాళ్ళ మీద కోపం ఎక్కువ వస్తుంది. వాళ్ళకేం నేర్పుతారు?


జయపురం_టీచరమ్మ

అన్నా, మీరు అసలు చోటు పట్టుకున్నారు. చూస్తూ నిలబడేవాళ్ళని "బైస్టాండర్" అంటారు. ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం వాళ్ళు తయారుచేసిన కివా అనే బడి కార్యక్రమం పెద్ద బలం అంతా వీళ్ళ మీదే పెట్టింది. ఏడిపించేవాడికి కావాల్సింది చూసేవాళ్ళ నవ్వు. నవ్వు ఆగితే సగం సరదా పోతుంది.

చూసేవాళ్ళకి నేను మూడు చిన్న వాక్యాలు ఇస్తాను. ధైర్యం ఉన్నవాడికి: "స్టాప్ ఇట్. దట్స్ నాట్ ఫన్నీ." అంత ధైర్యం లేనివాడికి: ఏడిపించేవాడి వైపు చూడకుండా, పడ్డవాడి దగ్గరికి వెళ్ళి "కమ్ విత్ మీ, లెట్స్ గో". అదీ చెయ్యలేనివాడికి: అంతా అయిపోయాక పక్కన కూర్చుని "ఆర్ యు ఓకే?" మూడోది చెయ్యలేని పిల్ల ఇంతవరకు నాకు కనపడలేదు. ఎవరి పక్షానైనా నిలబడడాన్ని "స్టాండ్ అప్ ఫర్" అంటారు. "షి స్టుడ్ అప్ ఫర్ మీ" అని ఒక పిల్ల నా డెస్కు దగ్గరికొచ్చి చెప్పిన రోజు నాకు చాలా సంతోషం వేసింది.

పై తరగతుల పిల్లలకి ఈ విషయం మీద చదివించడానికి ఒక నిజమైన సంగతి ఉంది. 2007లో కెనడాలోని నోవాస్కోషియాలో, గులాబీ రంగు చొక్కా వేసుకొచ్చాడని తొమ్మిదో తరగతిలో కొత్తగా చేరిన ఒక అబ్బాయిని ఏడిపించారు. అది తెలిసి పన్నెండో తరగతి అబ్బాయిలు ఇద్దరు దుకాణానికి వెళ్ళి గులాబీ చొక్కాలు కొనుక్కొచ్చి బళ్ళో పంచారు. మర్నాడు బడి నిండా గులాబీ రంగే. ఇప్పుడు కెనడాలో ఫిబ్రవరి నెల చివరి బుధవారం పింక్ షర్ట్ డే చేస్తారు. ఈ సంగతి ఇంగ్లీషులో పది వాక్యాల్లో రాయమంటే "వోర్, లాఫ్డ్, బాట్, షేర్డ్" అన్నీ వాళ్ళే వాడేస్తారు.


గోపాలపురం_అల (బరంపురం)

నేను కాలేజీలో చదువుతున్నాను, హాస్టల్. పెద్ద పిల్లల సంగతి కూడా రాయాలనిపించింది. మనం "రాగింగ్" అంటాం. మన దేశంలో, శ్రీలంకలో చెప్తే వెంటనే అర్థమవుతుంది. అమెరికా వాళ్ళకి చెప్తే అర్థం కాదు, వాళ్ళు "హేజింగ్" అంటారు. విదేశీ కాలేజీ ఫారాల్లో ఈ మాట కనిపిస్తే కంగారు పడకండి.

మన దగ్గర యూజీసీ 2009లో రాగింగ్ నిషేధ నిబంధనలు తెచ్చింది. ప్రతి విద్యార్థి, తల్లిదండ్రులు హామీ పత్రం ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్ 1800-180-5522. ఆ హామీ పత్రంలో ఇంగ్లీషు చదవకుండా సంతకం పెట్టేస్తాం అందరం. ఒకసారి కూర్చుని చదవండి. మాటలతో అవమానించడం, రంగు గురించి, ప్రాంతం గురించి, భాష గురించి హేళన చెయ్యడం కూడా రాగింగ్ కిందికే వస్తుంది.

ఇంకోటి ఫోన్. క్లాస్ గ్రూపులో ఒకమ్మాయి ఫోటో పెట్టి దాని కింద నవ్వుల బొమ్మలు పెడుతూ పోతే అది "సైబర్‌బుల్లీయింగ్". లేనిపోని మాట పుట్టించి తిప్పితే "స్ప్రెడింగ్ రూమర్స్". మనం తిరిగి ఏదీ రాయకుండా ముందు స్క్రీన్‌షాట్ తీసుకోవాలి, తర్వాత బ్లాక్ చెయ్యాలి, తర్వాత రిపోర్ట్ చెయ్యాలి. ఈ వరస తప్పితే సాక్ష్యం పోతుంది. మనసు బాగా బరువెక్కిందనిపిస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416. ఉచితం, రాత్రి పగలు ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.


బొగ్గుబండి

తమ్ముడూ, నంబర్లు రాసుకున్నాను. చిన్న పిల్లలకైతే 1098, చైల్డ్ హెల్ప్‌లైన్. అదీ ఉచితమే, ఇరవై నాలుగు గంటలూ. మా పాప స్కూల్ డైరీ వెనక రాసి ఉంచాను.

మొదటి పోస్టులో కైండ్‌నెస్ మాటలు కూడా అడిగారు కదా, ఇప్పటిదాకా అందరం కొట్టడం, తిట్టడమే రాశాం. దాని సంగతి ఎవరైనా చెప్పండి.


ప్రాణహిత

నేను చెప్తా అన్నా, నాకు ఇష్టమైన పాఠం అది.

మన పిల్లలకి "కైండ్" ఎక్కడ తెలుసంటే లీవ్ లెటర్లో తెలుసు. "కైండ్లీ గ్రాంట్ మీ లీవ్". ఇంకా "వాట్ కైండ్ ఆఫ్" అనేది తెలుసు, ఎలాంటి, ఏ రకం అని. ఒక మనిషిని చూసి "యు ఆర్ సో కైండ్" అనాలని వాళ్ళకి తోచదు. మనం ఇళ్ళలో కూడా "నువ్వు దయగలవాడివి" అనుకోం కదా. "మంచోడివి రా", "బంగారు తల్లివి" అంటాం. అందుకని ఆ మాట దగ్గర మొదలుపెట్టకుండా పని దగ్గర మొదలుపెడతాను. పెన్సిల్ ఇస్తే "థ్యాంక్స్ ఫర్ షేరింగ్". "యు కెన్ సిట్ విత్ మీ" అని చోటిచ్చినవాడికి "దట్స్ కైండ్ ఆఫ్ యు". ఆటలోకి పిలవడానికి "డు యు వాంట్ టు జాయిన్ అస్?" ఈ చివరి వాక్యం ఒక్కటి మా క్లాసులో చేసిన పని అంతా ఇంతా కాదు. కొత్తగా చేరిన పిల్ల గోడ దగ్గర నిలబడితే ఎవరో ఒకరు పరుగెత్తుకుంటూ పోయి అడుగుతారు, అడగడానికి పోటీ పడతారు.

ఓదార్చడం "కంఫర్ట్". ఉషారు చెయ్యడం "చీర్ అప్". మెచ్చుకోలు "కాంప్లిమెంట్". ఇక్కడ ఒక జాగ్రత్త. జాలిని "పిటీ" అంటారు. ఏడుస్తున్న స్నేహితుడితో "ఐ పిటీ యు" అంటే మనకి జాలిగా అనిపించినా, ఇంగ్లీషులో అది చులకన చేసినట్టు వినిపిస్తుంది. "ఐ యామ్ సారీ దట్ హాపెన్డ్" అనడం మంచిది. సారీ అన్నాడు, వీడే చేశాడేమో అని చుట్టుపక్కలవాళ్ళు అనుకుంటారని పిల్లలు అడుగుతారు. అనుకోరు. నీకిలా జరిగినందుకు బాధగా ఉంది అని అర్థం.

నిజంగా క్షమాపణ అయితే "సారీ" ఒక్క మాట చాలదు, అది మన నోట్లో ఊతపదం అయిపోయింది. ఏం చేశాడో కలిపి చెప్పించాలి. "ఐ యామ్ సారీ ఐ హిడ్ యువర్ బాక్స్. ఐ వోంట్ డు ఇట్ అగైన్." మొదటి వాక్యం చెప్పేటప్పుడు పిల్లల గొంతు తగ్గిపోతుంది. చేసిన పనిని పేరుపెట్టి చెప్పడం కష్టం కాబట్టే అలా తగ్గుతుంది. ఆ కష్టం పడనివ్వండి, మధ్యలో మనం అందించొద్దు.


మహేంద్రతనయ

అమ్మా ప్రాణహితా, చాలా బాగా చెప్పావు. ఇప్పుడు నేను కొంచెం చేదు మాట ఒకటి రాయాలి. ఇక్కడ ఉన్నవాళ్ళందరం మన పిల్లలు పడే బాధ గురించే మాట్లాడుతున్నాం. నేను ముప్ఫై ఏళ్ళు పైన పాఠం చెప్పిన క్లాసుల్లో ఇంకోటి కూడా చూశాను. "తెలెంగా" అని పిలిపించుకుని ఏడ్చిన పిల్లాడే, మధ్యాహ్నం హాస్టల్ నుంచి వచ్చే సవర పిల్లాణ్ణి పట్టుకుని "ఒరే సవరోడా" అంటాడు. ఆ పిల్లాడికి తెలుగూ రాదు, ఒడియా కూడా అంతంత మాత్రం. వాడు ఎవరికీ చెప్పుకోలేడు. గజపతి జిల్లా, గుణుపురం వైపు ఉన్నవాళ్ళు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి, ఈ మాట మన ఇళ్ళలో పెద్దవాళ్ళ నోట రాదా?

మా పర్లాకిమిడిలో పాఠం చెప్పిన గిడుగు రామమూర్తి గారిని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని అందరం తలుచుకుంటాం. ఆయన సవర భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాళ్ళ భాషలో పుస్తకాలు రాసి, బడులు పెట్టించారు. సవర భాషకి వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. పిల్లాడికి వాడి భాషలో పాఠం అందాలని ఇక్కడే, ఈ కొండల కింద అంత పని చేసిన మనిషి ఊరివాళ్ళం మనం. మన పిల్లలకి "కాలింగ్ నేమ్స్" అనే మాట నేర్పేటప్పుడు రెండు వాక్యాలూ నేర్పాలి. "హి కాల్స్ మీ నేమ్స్" ఒకటి, "ఐ వోంట్ కాల్ ఎనీవన్ నేమ్స్" ఇంకొకటి.


జయపురం_టీచరమ్మ

మాస్టారూ, నిజం. మా జయపురం వైపు కూడా ఆదివాసీ పిల్లలు క్లాసులో వెనక బెంచీలోనే కూర్చుంటారు, ఎవరూ కూర్చోమనకపోయినా సరే. నేను ఈ ఏడాది ఒక పని మొదలుపెట్టాను. వారానికో రోజు ఒక పిల్ల తన భాషలో నమస్కారం, థ్యాంక్స్, నీ పేరేంటి అనేవి క్లాసుకి నేర్పాలి. ఆ రోజు ఆ పిల్లే టీచర్. మిగతావాళ్ళు తప్పు పలుకుతుంటే ఆ పిల్ల సరిదిద్దుతుంది. దేశియా (ఈ కొండల వైపు మాట్లాడే ఒడియా యాస) మాట్లాడే పిల్ల ఒకతి ముందుకొచ్చి నిలబడినప్పుడు క్లాసులో ఉన్న నిశ్శబ్దం, తర్వాత వచ్చిన చప్పట్లు, నేను ఎన్ని ఇంగ్లీషు పాఠాలు చెప్పినా రావు.


గోపాలపురం_అల

పెద్దవాళ్ళ నోటి మాట అన్నారు కదా మాస్టారూ. టీచర్లే పిల్లాణ్ణి ఊరి పేరుతో, కులం పేరుతో పిలిస్తే? నాకు చిన్నప్పుడు జరిగింది. ఏ బడో రాయను.


మహేంద్రతనయ

బాబూ, అది చట్ట విరుద్ధం. విద్యాహక్కు చట్టం, 2009, పదిహేడో సెక్షన్. పిల్లలని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధం. ఇంగ్లీషులో ఆ మాట "మెంటల్ హెరాస్‌మెంట్". తల్లిదండ్రులు ఈ సెక్షన్ పేరు తెలిసి ఉండి మర్యాదగా అడిగితే చాలాచోట్ల అక్కడికక్కడే ఆగుతుంది. రాతపూర్వకంగా అడగండి.


గుణుపురం_నాన్న (గుణుపురం)

అందరికీ నమస్కారం, మొదటిసారి రాస్తున్నాను. మొత్తం చదివాను. మా అమ్మాయి ఆరో తరగతి. దాని రంగు గురించి రోజూ ఏదో ఒకటి అంటున్నారు, ఇప్పుడు స్నానానికి వెళ్తే అరగంట సబ్బు రుద్దుకుంటోంది. చూడలేకపోతున్నాను. క్లాస్ టీచర్‌కి ఇంగ్లీషులో చిన్న ఉత్తరం రాయాలి. గొడవ పెట్టుకున్నట్టు ఉండకూడదు, అలాగని బతిమాలినట్టూ ఉండకూడదు. ఎవరైనా రాసి పెడతారా?


జయపురం_టీచరమ్మ

అన్నా, ఇదిగో రాస్తున్నాను. తెలుగు అక్షరాల్లో పెడుతున్నాను, చదువుకుని చూసుకోండి, మీ అమ్మాయి చేతే ఇంగ్లీషులో రాయించొచ్చు.

"డియర్ మేడమ్, సమ్ గర్ల్స్ ఇన్ మై డాటర్స్ క్లాస్ కీప్ మేకింగ్ ఫన్ ఆఫ్ హర్ స్కిన్ కలర్. ఇట్ హాపెన్స్ ఆల్మోస్ట్ ఎవ్రీ డే, మోస్ట్లీ డ్యూరింగ్ లంచ్. షి ఈజ్ వెరీ అప్‌సెట్ అండ్ డజ్ నాట్ వాంట్ టు కమ్ టు స్కూల్. ప్లీజ్ టాక్ టు ద గర్ల్స్ ప్రైవేట్లీ. ప్లీజ్ డు నాట్ స్కోల్డ్ దెమ్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ ద క్లాస్, బికాజ్ దే మే ట్రబుల్ హర్ మోర్. ఐ వుడ్ లైక్ టు మీట్ యు దిస్ వీక్. ప్లీజ్ టెల్ మీ వెన్ యు ఆర్ ఫ్రీ."

ఏం జరుగుతోంది, ఎంత తరచుగా, ఎప్పుడు, అమ్మాయి ఎలా ఉంది, మీరేం కోరుతున్నారు, అన్నీ వచ్చాయి. "కైండ్లీ డు ద నీడ్‌ఫుల్" అని చివర పెట్టకండి. అది పెడితే ఏం చెయ్యాలో టీచర్ ఇష్టానికి వదిలేసినట్టు ఉంటుంది. పిల్లల పేర్లు ఉత్తరంలో వద్దు, కలిసినప్పుడు నోటితో చెప్పండి. తేదీ వేసి ఒక కాపీ దగ్గర ఉంచుకోండి.

స్కూలుకి వెళ్ళడానికి బయల్దేరిన రోజు అమ్మాయిని కూడా తీసుకెళ్ళండి. టీచర్ అడిగితే అదే చెప్పాలి, మీరు మధ్యలో అందుకోకండి. "దే కీప్ కామెంటింగ్ ఆన్ మై కలర్. ఇట్ హర్ట్స్ మీ." ఈ రెండు వాక్యాలు ముందు రోజు ఇంట్లో మీరు టీచర్‌లా కూర్చుని అడిగి చెప్పించండి.


గుణుపురం_నాన్న

రాసుకున్నానండీ. "ఇట్ హర్ట్స్ మీ" అంటే దెబ్బ తగిలింది అనుకుంటారేమో?


జయపురం_టీచరమ్మ

అనుకోరు. మనసుకి తగిలినా అదే మాట. అమ్మాయికి అనుమానంగా ఉంటే "ఇట్ మేక్స్ మీ శాడ్" అనమనండి, దానికి ఏది నోట్లో తేలిగ్గా ఆడితే అది. సోమవారం కలవగలిగితే మంచిది, వారం చివర అయితే టీచర్లు పేపర్లు దిద్దే హడావిడిలో ఉంటారు.